నీలం గింజ

పాకెట్టు చించి అరచేతిలో పోసుకుంటే
పన్నెండు కీర గింజలు.
పది తెల్లవి. రెండు మాత్రం
బట్టలకు పెట్టే నీలిమందులో ముంచి తీసినట్టు.
"మందు పూసినట్టుంది, పారెయ్" అన్నాడు మా ఇంటాయన.
దుడ్లిచ్చి కొన్నది ఎట్ల పారేసేది?
నీలంవాటిలో ఒకటి వేస్తి,
ఒకటి మొగుడి మాట కోసం
పాకెట్టులోనే ఉంచి కిటికీ చువ్వలో దోపితి.

తాడిపత్రిలో మా వీధికి రెండు పక్కలా పాలిష్ మిషన్లు.
బండ కోసిన నీళ్లు పాలమాదిరి కాలవలో పోతాయి,
ఎండినాక పొడై లేచి
ఆరేసిన చీరల మీద కూచుంటాయి.
తేనెటీగను చూసి ఎన్నాళ్లయిందో.
ఇంటెనక విరిగిన బండలు నిలబెట్టి
ఎర్రమట్టి, పేడఎరువు నింపి, మడి.
డాక్టరు చెత్తలోంచి తెచ్చిన సెలైన్ సీసాలు
తలకిందులుగా కట్టి
బొట్టు, బొట్టు,
రోగికి ఎక్కించినట్టే.

తెల్ల గింజల తీగలు కణుపు కణుపుకూ పూసినాయి.
ప్రతి పువ్వు కిందా
చిటికెనవేలి గోరంత పిందె, ఒంటినిండా నూగు.
రాత్రిళ్లు బ్యాటరీ లైటేసి లెక్కబెట్టుకుంటి.
నీలం గింజ తీగ మాత్రం
పందిరంతా తనదే అన్నట్టు పాకి
గుత్తులు గుత్తులుగా వట్టి పూలు.
కాడ, కాడ మీద పువ్వు, అంతే.

ఎదురింటి ఓబుళమ్మ గోడ మీంచి చూసి
"అవి గొడ్డుపూలు మ్మే. నీళ్లు దండగ, పెరికెయ్" అనె.
పెరికేస్తి.
నాలుగు రోజులకొక ట్యాంకరొచ్చే వీధిలో
ఒక సీసా నీళ్లు మిగిలెనని
సంతోషం కూడా పడితి.

వారం తిరక్కముందే
పిందెలు కొనలో పసుపు తిరిగె,
వంగి, ముడుచుకొని,
వేలు తగిల్తే రాలె.
వేపనూనె కొడితి. పులిసిన మజ్జిగ పోస్తి.
పాత చెప్పు కూడా కడితి దిష్టికి.

కుళ్లాయప్ప మా మరిది.
ముప్పై ఎనిమిదేండ్లు, పెండ్లి లేదు, పని నిలవదు.
"తిని తిరుగుతాడు" అని
కంచం ముందరే అంటారు. నేనూ అంటి,
నా నోటికేం తక్కువ.
ఓబుళమ్మ షుగరు మాత్రలు తెచ్చేది అతనే.
మిషన్లో వేలు తెగిన పిల్లోణ్ణి
అర్ధరాత్రి అనంతపురం తీసకపోయిందీ అతనే.
అది పని కిందికి రాదు కదా.

అతనే ఆ పాకెట్టు తీసి
వెనకున్న చీమంత అక్షరాలు ఎండకు పెట్టి చదివె.
"వదినా, తెల్లవి అన్నీ ఆడపూలే పూస్తాయంట.
పుప్పొడి కోసరం వేరే రకం గింజలు రెండు కలిపి
గుర్తుకు నీలం పూసినారంట."
ఆగె.
"మనం పీకింది దాన్నే."
పీకింది నేను. మనం అనె.

మరుసటి పొద్దున అయిదుకే మంచం ఖాళీ.
ఆరున్నరకు సైకిలు మీద వచ్చె,
చుక్కలూరులో ఎవరిదో కీర తోట నుంచి
టిఫిన్ డబ్బాలో, తడిగుడ్డ మీద
పదకొండు మగపూలు.
"కాయలడిగినోళ్లను చూసినా గానీ
పూలడిగినోణ్ణి నిన్నే చూసినా" అన్నాడంట తోటాయన.

రెక్కలు వలిచి, నడుమ మిగిలిన పసుపు మొనను
ఆడపువ్వు లోపల మెల్లగా తిప్పాల,
ఎండ ఎక్కకముందే.
అటు పక్క అతను, ఇటు పక్క నేను.
మాటల్లేవు. దూరంగా మిషన్లు మొదలాయె.

పదకొండింట్లో నాలుగు నిలిచినాయి.
మొదటి కాయ కోసి ఉప్పుకారం చల్లేసరికి
అతను గ్యాసుబండకు పోయినాడు ఎవరికోసమో.
రెండు ముక్కలు మూత పెట్టి ఉంచితి.
మధ్యాహ్నానికి నీరు కారి మెత్తబడిపోయె.
అయినా తినె.

పాకెట్టు మూలన అతుక్కున్న రెండో నీలం గింజ
ఇప్పుడు రెండాకులేసింది.
ఓబుళమ్మ గోడ మీంచి వంగి
"మళ్లీ అదేనా? కాస్తాదా ఈసారన్నా?" అనె.

"కాయదు" అంటి,
సీసా నింపుకుంటా.